ఓబులమ్మ అడిగే మొదటి మాట

మాదాపూర్ అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ల చదువులు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. అలాంటి ఒక మేడలో, అయిదో అంతస్తు క్యాంటీనులో, పొద్దున ఏడున్నరకల్లా పన్నెండు వందల మందికి టిఫిను సిద్ధం చేసే ఓబులమ్మ చదువు మాత్రం ఒక్క మాటలో చెప్పొచ్చు. అయిదో తరగతి. అదీ కడప జిల్లాలో ముద్దనూరు దాటాక వచ్చే ఒక పల్లెలో, ఒక్క పంతులే అయిదు తరగతులకూ చెప్పిన బడిలో. అయినా ఇరవై దాకా ఎక్కాలు ఆమెకు ఇప్పటికీ నోటికి వస్తాయి. పదిహేడో ఎక్కం తప్పులేకుండా చెప్పమంటే ఆ మేడలో ఎంతమంది నిలబడతారో అనుమానమే.

ఆమె సాధించినవి ఊరికే ఒళ్లో వచ్చి పడ్డవి కావు. 2003లో భర్త పుల్లయ్యతో, ఒక రేకు పెట్టెతో హైదరాబాదు వచ్చింది. సైబర్ టవర్స్‌కు కాస్త అవతల, చుట్టూ బండరాళ్లు తప్ప ఏమీ లేని చోట తోపుడు బండి పెట్టింది. ఎర్రకారం పూసిన దోశ వేస్తే, మెడలో కంపెనీ కార్డుల తాళ్లు వేలాడేసుకున్న పిల్లలు కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకోటి అడిగేవాళ్లు. ఆ పిల్లల్లో ఒకడు పెద్దవాడై, 2011లో తన కంపెనీ లోపలికే పిలిచి కౌంటరు పెట్టించాడు. 2016లో ఈ మేడ క్యాంటీను కాంట్రాక్టు దొరికింది. మియాపూర్‌లో మెట్రో స్తంభాలు లేవకముందే జాగా కొన్నది ఆమే, మూడంతస్తుల ఇల్లు లేపిందీ ఆమే. పై రెండు అంతస్తుల్లో పనివాళ్లకు గదులు ఇచ్చింది. కరోనా వచ్చి మేడలన్నీ బోసిపోయినప్పుడు ఒక్కరిని కూడా పనిలోంచి తీసేయలేదు. కాపలా వాళ్లకు, అంబులెన్సు వాళ్లకు అన్నం పొట్లాలు కట్టించి అందరి చేతికీ పని చూపించింది.

ఇన్ని ఉన్నా, ఆమె గొప్పగా చెప్పుకునేది వీటిలో ఏదీ కాదు. పదకొండు రోజులు కడప జైల్లో ఉన్న సంగతి.

అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. ఎండాకాలం ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. నీళ్ల ట్యాంకరు వారానికి ఒకసారి వచ్చేది, ఒక్కో వారం అదీ లేదు. అర్జీలు పెట్టి పెట్టి విసిగి, ఊరి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు తెచ్చి రోడ్డుకు అడ్డంగా వరస పేర్చారు. ఒక అధికారి జీపు వచ్చి ఆగింది. మాటా మాటా పెరిగింది. అందరి బిందెలూ నేలమీదే ఉన్నాయి, ఓబులమ్మ బిందె మాత్రం జీపు అద్దంలోంచి లోపలికి పోయింది. పదకొండు రోజులు జైలు, తర్వాత కోర్టులో నేరం రుజువై జరిమానా. ఆమె తిరిగొచ్చిన ఇరవయ్యో రోజున ఊరికి కొళాయి వచ్చింది. ఇప్పటికీ ఆ ఊళ్లో నీళ్లు పట్టుకునేవాళ్లు దాన్ని ఓబులమ్మ కొళాయి అంటారు. క్యాంటీనులో ఉల్లిపాయలు తరిగే పిల్ల మొదలు దోశ మాస్టర్ దాకా ఈ కథ విననివాళ్లు లేరు. కొత్తవాళ్లకు మొదటి వారంలోనే వినిపిస్తుంది. పాతవాళ్లకు పండగ పండగకూ తప్పదు.

ఆ పదకొండు రోజుల నుంచే ఆమెకు ఒక పద్ధతి వచ్చింది. పనికోసం ఎవరు వచ్చినా ఆధార్ కార్డు చూడదు, ఎక్కడ చేశావని అడగదు. కూర్చోబెట్టి ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, ఒకే మాట అడుగుతుంది.

"నీ గురించి చెడ్డమాట ఏదన్నా ఉంటే నాకు మొదట నువ్వే చెప్పల్ల. నువ్వు చెప్పినాక ఇంకెవరు చెప్పినా నేను వినను. నువ్వు చెప్పకుండా ఇంకొకరు చెప్తే మాత్రం నీ మాట వినను."

మజ్జిగ తాగేలోపు ఎన్నెన్నో బయటికి వచ్చేవి. ఒకడు పెళ్లిపీటల మీంచి పారిపోయి వచ్చాడు. ఒకామె పదో తరగతి మూడుసార్లు తప్పి, ఇంట్లో పాసయ్యానని చెప్పింది. ఇంకొకడు అంతకుముందు హోటల్లో సాంబారు గుండిగను పడేసి, పిల్లి పడేసిందని అన్నాడు. అందరినీ పనిలో పెట్టుకుంది.

నరేందర్ వచ్చింది అయిదేళ్ల కిందట. జనగామ వైపు వాడు. అప్పటికి ఇరవై అయిదేళ్లుంటాయి. మజ్జిగ గ్లాసు ముట్టుకోకుండానే చెప్పాడు.

"అమ్మా, నేను రెండేండ్లు జైల్ల ఉన్న. కట్టే బిల్డింగుల కెల్లి రాగి తీగెలు ఎత్తుకపోతుంటే ట్రాలీ ఆటో నేనే నడిపిన. నాకు తెల్వకుంట నడిపిన అంటే అబద్ధమైతది."

జైల్లో ఏం పని చేసేవాడివని ఓబులమ్మ అడిగింది. వంటింట్లో అన్నాడు. ఎంతమందికి అని అడిగింది. పన్నెండు వందల మందికి అన్నాడు.

"ఈడ కూడా అంతే మంది," అంది ఆమె. "కాకపోతే వీళ్లు సాయంత్రం ఇంటికి పోతారు. మజ్జిగ తాగు."

మియాపూర్ ఇంటి పైగదిలో ఉంటూ, అయిదేళ్లలో నరేందర్ దోశ పెనానికి మాస్టర్ అయ్యాడు. పెనం మీద ఒకేసారి పన్నెండు దోశలు వేసి, మొదటిది తీసేసరికి పన్నెండోది ఎర్రబడేలా చూసుకోవడం అతనికే చెల్లింది. ఏడున్నరకు అతని పెనం ముందు వరస మొదలైతే పదిన్నర దాకా తెగేది కాదు. ఆ మేడ వ్యవహారాలన్నీ చూసే రసజ్ఞ అనే కాకినాడ అమ్మాయి కూడా ఆ వరసలోనే నిలబడేది. మేనేజరు కదా, ముందుకు రమ్మంటే వచ్చేది కాదు. అందుకే ఓబులమ్మకు ఆ పిల్లంటే గౌరవం.

పోయిన ఏడాది వానలు తగ్గే రోజుల్లో కొత్త నియమం వచ్చింది. మేడలో అడుగుపెట్టే ప్రతివాళ్ల పూర్వాపరాలు విచారించాలి, సాఫ్ట్‌వేరు వాళ్లవే కాదు, కాపలా వాళ్లవి, ఊడ్చేవాళ్లవి, క్యాంటీను వాళ్లవి కూడా. అందుకు ఒక ఏజెన్సీని పెట్టారు. ఓబులమ్మతో కలిపి క్యాంటీనులో పద్నాలుగు మంది. పద్నాలుగు ఫారాలు వచ్చాయి, అన్నీ ఇంగ్లీషువే. మీ మీద ఎప్పుడైనా కేసు రుజువైందా అని అందులో ఒక గడి. అవునో కాదో టిక్కు పెట్టాలి.

క్యాంటీనులో ఇంగ్లీషు బాగా చదవగలిగింది నరేందర్ ఒక్కడే. కాబట్టి ఫారాలన్నీ నింపే పని అతనికే పడింది. ఓబులమ్మ ఒక్కటే చెప్పింది, ఉన్నది ఉన్నట్టు రాయమని. ఉడికిన బంగాళాదుంపల తొక్కు తీస్తూ, తెచ్చి ఇచ్చిన కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టింది. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో, అయిదో తరగతిలో పంతులు మెచ్చుకున్న దస్తూరీతో. చదివింది మాత్రం లేదు.

అదే వారంలో ఇంకో పని కూడా నడుస్తోంది. నరేందర్‌కు సంబంధం చూస్తోంది ఓబులమ్మ. కామారెడ్డి దగ్గర ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి తండ్రి ఆదివారం వస్తానన్నాడు. అంతకుముందే వాళ్ల తరఫువాళ్లు ఎవరైనా వచ్చి ఇరుగుపొరుగును వాకబు చేయొచ్చని, పెళ్లి సంబంధాల్లో అది మామూలేనని ఓబులమ్మ ముందే ఊహించింది. మియాపూర్ ఇంట్లో భర్తకూ, పక్కింటివాళ్లకూ, మూలమీద కిరాణా కొట్టాయనకూ గట్టిగా చెప్పి పెట్టింది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు, ఆ మాట మా ఇంట్లో చెల్లదు, పిల్లవాడి మంచి చెప్పండి, జైలు సంగతి కూడా చెప్పండి, ఒక ఆడపిల్ల జీవితం అని.

గురువారం మధ్యాహ్నం ఒక కుర్రవాడు స్కూటరు మీద వచ్చాడు. పేరు రోహిత్. మెడలో కార్డు చొక్కా లోపలికి తోసుకున్నాడు. విచారణకు వెళ్లినచోట ఎక్కువ వివరాలు చెప్పకూడదని వాళ్ల ఏజెన్సీ నియమం. అందుకని, నరేందర్ గురించి నాలుగు మాటలు అడగాలి అంకుల్, అని మాత్రమే అన్నాడు. వరండాలో పేపరు చదువుతున్న పుల్లయ్య అతన్ని ఎగాదిగా చూసి, పెళ్లికూతురు తమ్ముడై ఉంటాడనుకున్నాడు. క్యాంటీను ఫారాల సంగతి ఆయనకు తెలియక కాదు. కంపెనీలు ఏం చూసుకున్నా కంప్యూటర్లోనే చూసుకుంటాయని ఆయన నమ్మకం. హైటెక్ సిటీ పక్కన ఇరవై ఏళ్లుగా ఉన్నాక మనిషి స్కూటరేసుకుని ఇంటికి వస్తాడని ఎవరనుకుంటారు?

ఇక ప్రశ్నలు చూస్తే, ఒక్కటి కూడా అనుమానం కలిగించేది కాదు. అబ్బాయి ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నాడు? ఇల్లు సొంతమా, కిరాయా? ఇంటికి ఏ వేళకు వస్తాడు? తాగుడు అలవాటుందా? ఇరుగుపొరుగుతో గొడవలున్నాయా? పిల్లనిచ్చేవాడు అడిగేవి సరిగ్గా ఇవే. పుల్లయ్య లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. జొన్నరొట్టె, వేరుశనగ పొడి పెట్టాడు. కుర్రవాడు వద్దంటే, మా ఇంటికొచ్చి ఎంగిలిపడకుండా పోతే శుభం కాదన్నాడు. గుమ్మం ఫోటో తీసుకుంటానని రోహిత్ ఫోను ఎత్తితే, ఒక్క క్షణం ఆగమని తాడుమీది తువ్వాళ్లన్నీ తీసేసి, తులసి కుండీని ముందుకు జరిపాడు. పిల్లకు చూపిస్తారు కదా మరి.

తర్వాత గొంతు సవరించుకున్నాడు. "చూడప్పా, మేం దాచేవాళ్లం కాదు. పిల్లోడు రెండేళ్లు జైల్లో ఉండినాడు," అని మొదలుపెట్టి రాగి తీగల దగ్గర్నుంచి ట్రాలీ ఆటో దాకా, తీర్పు ఏ ఏడాది వచ్చిందో కూడా చెప్పాడు. అది అయ్యాక అయిదేళ్లలో నరేందర్ చేసిన మంచి పనులు అన్నీ చెప్పాడు. పక్కింటి ముసలామెను దవాఖానకు ఎత్తుకుపోవడం, పైన నీళ్ల ట్యాంకు కడగడం, తాగి వచ్చిన మనిషిని చెప్పుతో కాకుండా మాటతోనే ఇంటికి పంపడం. రోహిత్ అన్నీ రాసుకున్నాడు. ఇన్ని వందల ఇళ్లు తిరిగాడు గానీ, అడగకుండానే జైలు సంగతి చెప్పి రొట్టె పెట్టిన ఇల్లు అతను చూడలేదు.

వెళ్లేటప్పుడు పుల్లయ్య గేటు దాకా వచ్చి అడిగాడు, మీ అక్క ఏం చదివింది నాయనా అని. నాకు అక్క లేదంకుల్ అన్నాడు రోహిత్. అయితే పినతల్లి కూతురేమో అనుకున్నాడు పుల్లయ్య.

ఆదివారం కామారెడ్డి నుంచి అమ్మాయి తండ్రి వచ్చాడు. నరేందర్ పని మీద బయటికి వెళ్లాడు. కాఫీలు అయ్యాక పుల్లయ్య చనువుగా, మొన్న మీ పిల్లవాడు వచ్చి వెళ్లాడు, మంచి నెమ్మదస్థుడు, రొట్టె మాత్రం సగమే తిన్నాడు అన్నాడు. ఆయన తెల్లబోయాడు. మేము ఎవ్వరినీ పంపలేదే అన్నాడు.

ఓబులమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఎవరొచ్చారో ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది. అయినా ముందు ఇంటికొచ్చిన మనిషికి చెప్పాల్సింది చెప్పాలి కాబట్టి, జైలు సంగతి తానే ఆయనకు చెప్పింది.

ఆయన తల ఊపి, మెల్లగా అన్నాడు. "మాకు ఎరుకేనమ్మా. జనగామల మా సుట్టాలున్నరు. మీరు చెప్తరా, దాస్తరా సూద్దామని అచ్చినం. ఇగ పిల్లగాని నౌకరి పక్కాగ ఉన్నదంటే మాకు ఫికర్ లేదు."

అంటే పెళ్లి కూడా ఇప్పుడు ఆ కొలువు మీదే ఆధారపడింది. ఆయన వెళ్లాక ఓబులమ్మ భర్త వైపు తిరిగింది.

"గురువారం వచ్చినోనికి అంతా చెప్పినావా?"

"నువ్వే గదా చెప్పమంటివి."

"చెప్పినందుకు ఏమీ అనలేదులే," అంది ఓబులమ్మ. "నరేందర్ కూడా ఫారంలో ఉన్నదున్నట్టే రాసుంటాడు. రెండూ ఒకటే మాట అయితాది. భయమెందుకు?"

మంగళవారం రసజ్ఞ తన గదికి పిలిచినప్పుడు ఆ ధైర్యం కాస్తా పోయింది. టేబుల్ మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఏజెన్సీ ఇచ్చిన నివేదికలో, నేరం రుజువైనట్టు ఇంటి యజమాని స్వయంగా తెలిపారు అని ఉంది. నరేందర్ నింపిన ఫారంలో, కేసులేమీ లేవు అని ఉంది. నేరం ఒక ఎత్తు అయితే, దాచడం ఇంకో ఎత్తండి అంది రసజ్ఞ. ఆ అమ్మాయి గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. మూడు రోజుల్లో అతన్ని తీసేయాలని, లేకపోతే కాంట్రాక్టే రద్దవుతుందని చెప్పింది.

నరేందర్‌ను పిలిపించారు.  ఓబులమ్మ అతన్ని తిట్టలేదు. ఎందుకు రాశావని మాత్రమే అడిగింది.

"పద్నాలుగు కాయితాలు నింపిన అమ్మా. కేసు ఉన్నదా అంటే లేదు, లేదు అని కొట్టుకుంట వోయిన. నాదాని కాడికి అచ్చేసరికి చెయ్యి గట్లనే వోయింది. ఆపుదామనుకున్న. ఆగలే." మళ్లీ తనే అన్నాడు. "నేను వోతనమ్మా. నా వల్ల పదమూడు మంది పరేషాన్ గావద్దు."

ఓబులమ్మ అతని మాట విని ఊరుకోలేదు, అతన్ని ఊరడించనూ లేదు. ఆమె బుర్రలో ఒక మాట చిక్కుకుంది. పద్నాలుగు కాగితాలకూ లేదు అని పెట్టాడు. పద్నాలుగు.

"పాపా," అంది రసజ్ఞతో, "నా కాగితంలో ఏమని ఉండాది?"

రసజ్ఞ కంప్యూటర్లో చూసింది. "మీది అంతా క్లియరేనండి. ఏ కేసూ లేదు. పచ్చ టిక్కు వచ్చింది."

ఓబులమ్మ కుర్చీలోంచి లేచింది. "లేదా? పదకొండు దినాలు కడప జైల్లో ఉంటి గదా నేను. జీపు అద్దం పగలగొట్టినానని కోర్టులో రుజువైంది. జరిమానా కట్టినాను. యాడికి పోయింది నా కేసు?"

 నరేందర్ తల వంచుకుని, అమ్మ మంచికేనని అట్ల పెట్టిన అని గొణిగాడు. మంచికా, అని ఓబులమ్మ అతని మీద విరుచుకుపడింది. రాగి తీగల గురించి అనని మాటలన్నీ అప్పుడు అనేసింది. ఊరికి కొళాయి తెచ్చిన కేసును ఒక టిక్కుతో తుడిచేస్తాడా? రేపు ఎవరైనా అడిగితే ఓబులమ్మ ఏమీ చేయలేదనుకోరా? ఏజెన్సీవాళ్లు కూడా మియాపూర్ వచ్చి పచ్చ టిక్కు పెట్టి పోతారా? ఎవరైనా ముద్దనూరు దాటి ఒక్కడుగు వేసి ఆ కొళాయి దగ్గర అడిగి ఉంటే తెలిసేది కదా?

అరిచి అరిచి ఆమెకే ఆయాసం వచ్చింది. కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి, ఈసారి నెమ్మదిగా మాట్లాడింది.

"చూడు పాపా. ఈ పిల్లోడు చేసింది తప్పే. నాది అంతకంటే పెద్ద తప్పు. చదవకుండా సంతకం పెట్టినాను. మీ నియమం ప్రకారం కేసు ఉన్నోళ్లు ఈడ ఉండకూడదంటే, ముందు నేను పోవల్ల, నా ఎనక ఈయప్ప వస్తాడు. అట్ల కాదు, కేసు ఎట్లాంటిదో, ఎప్పటిదో చూస్తామంటే ఇద్దరిదీ చూడు. ఒకరిదే చూడొద్దు."

 రసజ్ఞ తన దగ్గరున్న నియమావళి మొదటి నుంచి చివరిదాకా తిప్పసాగింది. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర ఆగింది. అందులో స్పష్టంగా ఉంది. నేరం ఎలాంటిది, జరిగి ఎన్నేళ్లయింది, ఇప్పుడు చేసే పనికీ దానికీ ఏమైనా సంబంధముందా అని చూసి, ఒక్కొక్కరిది విడిగా తేల్చాలి. సదరు మనిషి తన మాట తాను రాసి ఇవ్వొచ్చు.

"ఈ పేజీ నేనూ చదవలేదండి," అంది రసజ్ఞ సిగ్గుపడుతూ. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"నువ్వు సంతకం పెట్టినావా దాని మీద?" అని అడిగింది ఓబులమ్మ.

"పెట్టానండి."

"సరిపోయింది. ఇద్దరం ఒకటే బడి."

ఆ మాటకు రసజ్ఞ నవ్వేసింది. నవ్వినా పని పనే. పెద్ద ఆఫీసులో ముగ్గురు కూర్చుని తేల్చేదాకా నరేందర్ మేడలోకి రాకూడదని చెప్పింది. ఓబులమ్మ సంగతి కాంట్రాక్టుదారు కాబట్టి విడిగా చూస్తామంది.

అదే సాయంత్రం మియాపూర్ ఇంటి వరండాలో నరేందర్ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంగ్లీషులో రాయబోతే ఓబులమ్మ వద్దంది. నాకు మజ్జిగ ముందు చెప్పినట్టే రాయమంది. తెలుగులో ఒక పేజీ రాశాడు. రాగి తీగలు, రెండేళ్లు, వంటిల్లు, తర్వాత అయిదేళ్ల పెనం. చివర్లో, ఫారంలో లేదు అని పెట్టింది కూడా నేనే, ఎవరూ పెట్టించలేదు అని రాశాడు. ఈసారి ఓబులమ్మ రెండుసార్లు పైకి చదివించుకుని, మూడోసారి తానే కూడబలుక్కుని చదివి, అప్పుడు కింద సాక్షి సంతకం పెట్టింది.

పది పనిదినాలు పట్టింది. ఆ పది రోజులూ పెనం దగ్గర ఓబులమ్మే నిలబడింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నడుము నొప్పి మనిషి. అయినా తోపుడు బండి నాటి చేతి ఒడుపు పోలేదు. తేడా అల్లా, ఆమె వేసేది మందపాటి దోశ, దాని మీద ఎర్రకారం. పల్చటి దోశలకు అలవాటుపడ్డ సాఫ్ట్‌వేరు పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ లిఫ్టులు ఎక్కారు. మూడో రోజు నుంచి మాస్టర్ ఎక్కడ, మాస్టర్ ఎక్కడ అని అడగడం మొదలైంది. లీవులో ఉన్నాడా అని ఒకడడిగితే, కాదు, కాగితంలో ఉన్నాడు, అంది ఓబులమ్మ. ఇద్దరు ముగ్గురు మాత్రం ఆ కారానికే అలవాటుపడి, మాస్టర్ వచ్చాక కూడా ఇది ఉంచాలన్నారు.

ఇంట్లో నరేందర్ పని లేకుండా కూర్చోలేకపోయాడు. ట్యాంకు కడిగాడు, పక్కింటి ముసలామె మంచం అల్లాడు, పుల్లయ్యతో కలిసి పేపరు ఆ చివర నుంచి ఈ చివరిదాకా చదివాడు. పుల్లయ్య అతనికి ధైర్యం చెప్పబోయి, ప్రతిసారీ ఆ గురువారం తానేం చెప్పాడో మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. ఎనిమిదో రోజున నరేందర్ ఒక్కసారే అన్నాడు, మీరు చెప్పకపోయి ఉంటే బాగుండు కాకా అని. వెంటనే నాలుక కరుచుకుని, కాదు, చెప్పిందే మంచిగయింది అన్నాడు. పుల్లయ్య రెండు మాటలూ నిజమే అనుకున్నాడు.

పదో రోజు పెద్ద ఆఫీసు నుంచి రసజ్ఞకు కాగితం వచ్చింది. నరేందర్ పనిలోకి రావొచ్చు. నేరం పాతది, శిక్ష పూర్తయింది, పెనానికీ రాగి తీగలకీ సంబంధం లేదు. ఏజెన్సీ కుర్రవాడు తన నివేదికలో పుల్లయ్య చెప్పిన మంచి పనులు కూడా ఒక్కటీ వదలకుండా రాశాడు, నీళ్ల ట్యాంకుతో సహా. అవి కూడా పనికొచ్చాయి. కానీ ఫారంలో తప్పు రాసినందుకు లిఖితపూర్వకంగా హెచ్చరిక, ఒక ఏడాదిపాటు సామాన్ల గది తాళాలు అతని చేతికి ఇవ్వకూడదు. ఓబులమ్మకు కూడా చదవకుండా సంతకం పెట్టినందుకు ఇంకో హెచ్చరిక. న్యాయంగా ఉంది అంది ఓబులమ్మ. తాళాలు ఎటూ తన కొంగుకే ఉంటాయి.

"ఇంకొకటండి," అంది రసజ్ఞ, ఇంకో కాగితం తీసి. "మీ నివేదిక సరిచేశారు. మీరు చదువుకోవడానికి తెలుగులో కూడా వేయించాను."

ఓబులమ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. కేసు: ఉంది. చోటు: కడప జిల్లా. కారణం: మంచినీళ్ల కోసం రాస్తారోకో. అన్నీ ఉన్నాయి. పదకొండు రోజులు అన్న ముక్క కూడా ఉంది. మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున నరేందర్ ఏడింటికే వచ్చి పెనానికి ఉల్లిపాయ రుద్దాడు. మొదటి దోశను వరసలో నిలబడ్డ రసజ్ఞకు ఇచ్చాడు. కామారెడ్డికి ఓబులమ్మ అంతకుముందు రాత్రే ఫోను చేసింది. వాళ్లు వచ్చే నెలలో మంచిరోజు చూస్తున్నారు. వరస కాస్త పల్చబడ్డాక తిరిగి చూస్తే, గోడమీద ఆహార లైసెన్సు పక్కన ఓబులమ్మ ఆ కాగితాన్ని అద్దం కట్టించి మేకుకు తగిలిస్తోంది. క్యాంటీనుకు వచ్చే ప్రతివాళ్లకూ కనపడే ఎత్తులో.

నరేందర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివాడు. కాస్త తటపటాయించి అడిగాడు.

"నాది గూడ పెట్టాల్నా అమ్మా?"

ఓబులమ్మ మేకును ఇంకోసారి సుత్తితో కొట్టి, ఫ్రేము తిన్నగా ఉందో లేదో వెనక్కి జరిగి చూసింది.

"నీది నా కాడ అయిదేళ్ల నుంచి ఉండాది లేప్పా. పో, పెనం మాడిపోతాండాది."